నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే వైరస్ అంటోందా? డిలీట్ కొట్టే ముందు, అలో నొక్కే ముందు ఇవి చూడండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: రోజూ వాడే ప్రోగ్రామే. నిన్నటి దాకా బాగానే పనిచేసింది. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే స్క్రీన్ మూలన ఎర్ర గుర్తుతో మెసేజ్. 'ముప్పును గుర్తించాం, ఫైల్‌ను తొలగించాం' అని దాని సారాంశం. ఇక వేలిముద్ర మిషన్ పలకదు. లేదంటే డిజిటల్ సంతకం పడదు. లేదంటే తెలుగు టైపింగ్ రాదు. బయట క్యూలో జనం. అప్లికేషన్‌కు అదే ఆఖరి తేదీ.

ఇలాంటప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. భయపడితే ఆ ప్రోగ్రామ్‌ను మొత్తం డిలీట్ చేస్తారు. విసుగొస్తే యాంటీవైరస్‌నే ఆఫ్ చేసి పని కానిచ్చేస్తారు. రెండూ తొందరపాటే. మొదటి పనితో అవసరమైన ఫైల్ పోతుంది. రెండో పనితో నిజమైన దొంగకు తలుపు తీసినట్లవుతుంది. మధ్యలో ఇంకో దారి ఉంది. దానికి పది, పదిహేను నిమిషాలు చాలు.

మీసేవ కేంద్రాలు, ఆన్‌లైన్ సెంటర్లు, డీటీపీ షాపులు, కాలేజీ ల్యాబ్‌లు... ఉమ్మడి పాలమూరు నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయి కొత్త జిల్లాలైన ఈ మూడు చోట్లా కంప్యూటర్ మీద బతుకుతున్న వాళ్లు చాలామందే ఉన్నారు. పెద్ద ఆఫీసుల్లో లాగా వీళ్లకు పక్కనే ఐటీ టీమ్ ఉండదు. నిర్ణయం తామే తీసుకోవాలి. ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో ఇక్కడ చూద్దాం.

అసలు ఫాల్స్ పాజిటివ్ అంటే ఏంటి?

చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం మనకు తెలిసిందే. యాంటీవైరస్ మంచి ఫైల్‌ను చూసి వైరస్ అనుకుంటే దాన్నే ఫాల్స్ పాజిటివ్ అంటారు. అంటే తప్పుడు హెచ్చరిక. దీనికి రివర్స్ కూడా ఉంది. పామును చూసి తాడు అనుకుని వదిలేయడం. అంటే నిజమైన వైరస్‌ను పట్టుకోలేకపోవడం. దాన్ని ఫాల్స్ నెగటివ్ అంటారు.

ఏ యాంటీవైరస్ అయినా ఈ రెండింటి మధ్యే నడవాలి. మరీ అనుమానంగా ఉంటే తప్పుడు హెచ్చరికలు పెరుగుతాయి. మరీ ఉదారంగా ఉంటే వైరస్‌లు తప్పించుకుంటాయి. అందుకే ఆస్ట్రియాలోని ఏవీ కంపారిటివ్స్, జర్మనీలోని ఏవీ టెస్ట్ లాంటి పరీక్షా సంస్థలు యాంటీవైరస్‌లకు మార్కులు వేసేటప్పుడు ఎన్ని వైరస్‌లు పట్టిందన్నదే కాదు, ఎన్ని మంచి ఫైళ్లను తప్పుగా పట్టిందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. యాంటీవైరస్ ఇచ్చేది తీర్పు కాదు, అనుమానం. అనుమానం వచ్చినప్పుడు విచారించాలి. విచారించకుండా ఉరి తీయకూడదు, వదిలేయకూడదు.

ఎందుకు పొరబడుతుంది?

యాంటీవైరస్ ప్రధానంగా మూడు రకాలుగా పనిచేస్తుంది. మొదటిది పాత నేరస్తుల ఫొటోల లిస్టు లాంటిది. తెలిసిన వైరస్‌ల గుర్తులు దాని దగ్గర ఉంటాయి. ఫైల్‌లో అదే గుర్తు కనిపిస్తే పట్టుకుంటుంది. ఈ గుర్తు సరిగ్గా రాయకపోతే, మంచి ఫైల్‌లో ఉన్న మామూలు కోడ్ కూడా దానికి సరిపోలుతుంది.

రెండోది ప్రవర్తన చూడటం. ప్రోగ్రామ్ ఏం చేస్తోంది? కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ చూస్తోందా? సిస్టమ్ ఫైళ్లను మారుస్తోందా? బ్యాక్‌గ్రౌండ్‌లో కూర్చుని నెట్‌వర్క్‌తో మాట్లాడుతోందా? ఇవన్నీ వైరస్‌లు చేసే పనులే. చిక్కేంటంటే మంచి ప్రోగ్రామ్‌లు కూడా కొన్ని ఇవే పనులు చేస్తాయి.

మూడోది మెషిన్ లెర్నింగ్. లక్షల ఫైళ్లను చూసి నేర్చుకున్న లెక్క ప్రకారం 'ఇది వైరస్ లాగే ఉంది' అని అంచనా వేయడం. అంచనా కాబట్టి తప్పే అవకాశం ఎక్కువ.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది. కొందరు డెవలపర్లు ఫైల్ సైజు తగ్గించడానికి ప్రోగ్రామ్‌ను కుదించి ప్యాక్ చేస్తారు. వైరస్ రాసేవాళ్లు కూడా తమ కోడ్ కనబడకుండా అవే ప్యాకింగ్ టూల్స్ వాడతారు. దాంతో ఆ ప్యాకింగ్ కనిపిస్తే చాలు యాంటీవైరస్‌కు అనుమానం మొదలవుతుంది.

మన దగ్గర ఏ ప్రోగ్రామ్‌లపై అనుమానం రావచ్చు?

తెలుగు టైపింగ్ కీబోర్డు మేనేజర్లనే తీసుకోండి. మీరు కొట్టే ఇంగ్లిష్ అక్షరాన్ని మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చడమే వాటి పని. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా కీబోర్డునే మధ్యలో పట్టుకుంటుంది. యాంటీవైరస్‌కు రెండూ ఒకేలా కనబడే ప్రమాదం ఉంది.

మీసేవ, బ్యాంకింగ్ పాయింట్లలో ఆధార్ వేలిముద్ర స్కానర్‌కు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ వేస్తారు. అది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు, జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పెట్టించే ఈఎమ్‌సైనర్ లాంటివి కూడా దాదాపు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. ఇవి వైరస్‌లు కావు. కానీ పనితీరు అలా ఉంటుంది కాబట్టి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు యాంటీవైరస్ అడ్డుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది ఇంకో రకంగా ఎదురవుతుంది. సొంతంగా సీ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేస్తే, తయారైన ఫైల్‌ను యాంటీవైరస్ మింగేస్తుంది. పైథాన్ ప్రోగ్రామ్‌ను పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైల్‌గా మార్చినా, ఆటోహాట్‌కీతో చిన్న షార్ట్‌కట్ టూల్ చేసుకున్నా ఇదే తంతు. ఆ ఫైల్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానిపై ఎవరి సంతకమూ లేదు. కొత్త ముఖం కనిపిస్తే కాపలా కుక్క మొరిగినట్లే ఇది కూడా.

పెద్ద కంపెనీలే పప్పులో కాలేశాయి

తప్పుడు హెచ్చరిక అంటే చిన్న విషయం అనుకోవద్దు. ప్రపంచంలో పేరున్న కంపెనీల వల్లే లక్షల కంప్యూటర్లు ఆగిపోయిన సందర్భాలున్నాయి.

2007 మేలో సైమాంటెక్ కంపెనీ అప్‌డేట్ ఒకటి చైనా భాషలోని విండోస్ ఎక్స్‌పీలో రెండు కీలక సిస్టమ్ ఫైళ్లను వైరస్ అని పట్టేసింది. అవి లేకుండా విండోస్ తెరుచుకోలేదు.

2010 ఏప్రిల్ 21న మెకాఫీ వంతు. ఆ రోజు వచ్చిన 5958 నంబర్ అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3లో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైల్‌ను వైరస్‌గా చూసింది. విండోస్ నడవాలంటే అది ఉండాల్సిందే. ఫైల్ పోవడంతో కంప్యూటర్లు నెట్‌వర్క్ కోల్పోయి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యాయి. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు, ఆస్ట్రేలియాలో కోల్స్ సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ కౌంటర్లు దీని దెబ్బ తిన్నాయి.

2011 సెప్టెంబరు 30న మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ ఏకంగా గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌నే జెడ్‌బాట్ అనే బ్యాంకింగ్ పాస్‌వర్డ్ దొంగగా భావించి తొలగించింది. సుమారు 3,000 మంది వినియోగదారులపై ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

2012 సెప్టెంబరు 19న సోఫోస్ యాంటీవైరస్ ఇంకో మెట్టు పైకెళ్లింది. తన సొంత అప్‌డేట్ ఫైళ్లనే వైరస్ అంది. అప్‌డేట్ చేసే భాగమే క్వారంటైన్‌లోకి వెళ్లడంతో, తప్పును దిద్దే కొత్త అప్‌డేట్ కూడా కొన్ని సిస్టమ్‌లకు సాఫీగా చేరలేదు.

2017 ఏప్రిల్ 24న వెబ్‌రూట్ యాంటీవైరస్ విండోస్ ఫైళ్లను ట్రోజన్ అని, ఫేస్‌బుక్‌ను మోసపు సైట్ అని చూపించింది. 2022 సెప్టెంబరు 4న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ క్రోమ్, ఎడ్జ్, డిస్కార్డ్ లాంటి యాప్‌లు తెరిచిన ప్రతిసారీ హైవ్ అనే పేరుతో ముప్పు ఉందని పదేపదే హెచ్చరించింది. మైక్రోసాఫ్ట్ అదే రోజు కొత్త అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

ఫోన్లు కూడా మినహాయింపు కాదు. 2023 అక్టోబరులో హువావే, ఆనర్, వివో ఫోన్లలో కొన్నింటిలో గూగుల్ యాప్‌నే ఎస్సెమ్మెస్‌లు పంపే ట్రోజన్ అని హెచ్చరిక వచ్చింది. ఆ తప్పు తమ భద్రతా టూల్ వల్లే జరిగిందని తర్వాత అవాస్ట్ కంపెనీ ఒప్పుకుంది.

వీటిలో చాలా వాటికి కామన్ పాయింట్ ఒకటుంది. గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో కంపెనీలు దిద్దుకున్నాయి. ఆ కాస్త సమయం ఆగిన వాళ్లకు, ఫైల్‌ను డిలీట్ చేయకుండా పక్కన ఉంచిన వాళ్లకు నష్టం తక్కువ.

కానీ ప్రతిసారీ ఉత్తుత్తి అలారమేనా?

ఇక్కడే అసలు ప్రమాదం. 'నాన్నా పులి' కథ అందరికీ తెలుసు. తప్పుడు కేకలు విని విని అలవాటు పడితే, నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ కదలరు.

2023 మార్చిలో సరిగ్గా ఇదే జరిగింది. 3సీఎక్స్ అనేది ఆఫీసుల్లో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ కాల్స్ మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్. ప్రపంచవ్యాప్తంగా 6 లక్షల కంపెనీలు తమ కస్టమర్లని ఆ సంస్థ చెప్పుకునేది. మార్చి 22 నుంచే కొందరు కస్టమర్ల దగ్గర యాంటీవైరస్ ఆ ప్రోగ్రామ్‌ను అడ్డుకోవడం మొదలుపెట్టింది. పేరున్న కంపెనీ, సొంత వెబ్‌సైట్ నుంచి వచ్చిన అప్‌డేట్, దానిపై డిజిటల్ సంతకం కూడా ఉంది. దాంతో ఫాల్స్ పాజిటివ్ అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. మార్చి 29న అసలు విషయం బయటపడింది. హ్యాకర్లు ఆ కంపెనీలోకే చొరబడి, అధికారిక అప్‌డేట్‌లోనే వైరస్ కలిపేశారు. యాంటీవైరస్ చెప్పిందే నిజం.

అంతకుముందు 2017లో సీక్లీనర్ విషయంలోనూ ఇంతే. కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తీసేయడానికి మన దగ్గరా చాలామంది వాడిన టూల్ అది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో కంపెనీ సైట్ నుంచి దిగిన 5.33 వెర్షన్‌లోనే వైరస్ దాగి ఉంది. దాన్ని 22.7 లక్షల మంది వేసుకున్నారు.

కాబట్టి 'నమ్మకమైన ప్రోగ్రామ్' అనే మాట ఒక్కటే సరిపోదు. నిన్నటి వెర్షన్ మంచిదైనంత మాత్రాన ఇవాళ్టి వెర్షన్ కూడా మంచిదని చెప్పలేం.

హెచ్చరిక వస్తే ఏం చేయాలి? స్టెప్ బై స్టెప్

1. ముందు ఏమీ నొక్కొద్దు. కొవిడ్ టైంలో అందరూ విన్న క్వారంటైన్ అనే మాటే ఇక్కడా ఉంటుంది. యాంటీవైరస్ సాధారణంగా ఫైల్‌ను డిలీట్ చేయకుండా క్వారంటైన్‌లో పెడుతుంది. అక్కడ ఉన్నంత సేపు ఆ ఫైల్ ఎవరికీ హాని చేయలేదు, అలాగని పోనూ పోదు. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

2. మెసేజ్‌ను పూర్తిగా చదవండి, ఫొటో తీసుకోండి. ముప్పు పేరు, ఫైల్ పేరు, ఏ ఫోల్డర్‌లో ఉంది అనే మూడూ ముఖ్యం. విండోస్‌లో అయితే విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ప్రొటెక్షన్ హిస్టరీ నొక్కితే ఈ వివరాలన్నీ కనిపిస్తాయి.

3. ముప్పు పేరు ఏం చెబుతోందో చూడండి. పేరులో జెన్ లేదా జెనరిక్, హ్యూర్ అని ఉన్నా, చివర ఎంఎల్ అనే అక్షరాలున్నా అది కచ్చితమైన గుర్తింపు కాదు, అంచనా. తప్పు అయ్యే అవకాశం ఉంది. అదే ఒక ఫలానా వైరస్ కుటుంబం పేరు స్పష్టంగా ఉంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. పీయూఏ అని ఉంటే అది వైరస్ అని కాదు, అక్కర్లేని ప్రకటనలు, టూల్‌బార్లు తెచ్చే రకం అని అర్థం.

4. ఆ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చింది? తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచా? వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిందా? పక్క షాపు పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసిందా? రెండో, మూడో రకమైతే దాన్ని కాపాడుకోవాల్సిన పనే లేదు. తీసేసి అసలు సైట్ నుంచి కొత్తగా దించుకోవడమే మేలు.

5. యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ స్కాన్ చేయండి. తప్పు కంపెనీదే అయితే చాలాసార్లు కొత్త అప్‌డేట్‌తో హెచ్చరిక దానంతట అదే పోతుంది. నెట్ స్లోగా ఉందని నెలల తరబడి అప్‌డేట్ ఆపేసిన సిస్టమ్‌లు, సపోర్టు ఆగిపోయిన పాత విండోస్ వాడుతున్న సిస్టమ్‌లు చెప్పే మాటను అటూ ఇటూ నమ్మలేం. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది.

6. డిజిటల్ సంతకం చూడండి. ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, సంతకం ఉన్న ఫైల్‌కు డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ కనిపిస్తుంది. అందులో కంపెనీ పేరు సరిగ్గా ఉందా, సంతకం చెల్లుతుందా అన్నది చూడొచ్చు. ఫైల్ క్వారంటైన్‌లో ఉంటే, అదే సైట్ నుంచి కొత్తగా దించిన కాపీపై చూడండి. పేరున్న కంపెనీ ప్రోగ్రామ్‌కు సంతకం లేకపోతే అనుమానించాల్సిందే. సంతకం ఉన్నా 3సీఎక్స్, సీక్లీనర్ సంగతి మర్చిపోవద్దు. అది ఒక ఆధారం మాత్రమే.

7. ఇంకొందరిని అడగండి. ఒక డాక్టర్ చెప్పింది నమ్మబుద్ధి కాకపోతే రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తాం కదా. దానికే వైరస్‌టోటల్ ఉంది.

వైరస్‌టోటల్ ఎలా వాడాలి?

వైరస్‌టోటల్ అనేది 2004లో స్పెయిన్‌లో మొదలైన ఉచిత వెబ్‌సైట్. 2012లో గూగుల్ దాన్ని కొనేసింది. అందులో ఒక ఫైల్ పెడితే 70 దాకా యాంటీవైరస్ ఇంజిన్లు దాన్ని పరిశీలించి ఫలితం చూపిస్తాయి.

ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఒకటి, రెండు అంతగా తెలియని ఇంజిన్లు మాత్రమే ఎర్రగా చూపించి, మిగతావన్నీ క్లీన్ అంటే అది తప్పుడు హెచ్చరిక అయ్యే అవకాశం ఎక్కువ. పది, ఇరవై ఇంజిన్లు పట్టుకుంటే, అందులోనూ పెద్ద కంపెనీలు ఉంటే, ఇక వాదన అనవసరం. మొత్తం సున్నా వచ్చినా పూర్తి గ్యారంటీ కాదు. ఇవాళే పుట్టిన వైరస్ ఎవరి లిస్టులోనూ ఉండకపోవచ్చు. ఫైల్ అక్కడ మొదటిసారి ఎప్పుడు కనిపించిందో కూడా ఆ పేజీ చూపిస్తుంది. ఏళ్లుగా ఉన్న పాత వెర్షన్‌కు, నిన్న కనిపించిన ఫైల్‌కు తేడా ఉంటుంది.

ఒక పెద్ద జాగ్రత్త. వైరస్‌టోటల్‌లో పెట్టిన ఫైల్ అక్కడితో ఆగదు. భద్రతా కంపెనీలు, డబ్బు కట్టిన పరిశోధకులు దాన్ని చూడొచ్చు. అందుకే కస్టమర్ల ఆధార్ కాపీలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, మార్కుల మెమోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న ఫైళ్లను అందులో పెట్టకూడదు. ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్లకే దాన్ని పరిమితం చేయండి.

ఫైల్ పెట్టకుండానే చూసే మార్గం కూడా ఉంది. ప్రతి ఫైల్‌కూ వేలిముద్ర లాంటి ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ అంటారు. 64 అక్షరాలుంటుంది. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఈ కోడ్ పూర్తిగా మారిపోతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో దాన్ని తీయొచ్చు. ఆ కోడ్‌ను వైరస్‌టోటల్ సెర్చ్‌లో పేస్ట్ చేస్తే, ఆ ఫైల్‌ను ఇదివరకే ఎవరైనా చెక్ చేసి ఉంటే ఫలితం వస్తుంది. కొన్ని కంపెనీలు డౌన్‌లోడ్ పేజీలోనే ఈ కోడ్ ఇస్తాయి. రెండూ ఒకటే అయితే మధ్యలో ఎవరూ ఫైల్ మార్చలేదని అర్థం.

తప్పుడు హెచ్చరికే అని తేలితే?

అప్పుడు ఫైల్‌ను క్వారంటైన్ నుంచి రిస్టోర్ చేయొచ్చు. మళ్లీ మళ్లీ పట్టుకుంటుంటే మినహాయింపు లిస్టులో పెట్టొచ్చు. దీన్నే ఎక్స్‌క్లూజన్ అంటారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

మినహాయింపు ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ఆ ఒక్క ఫైల్‌కే ఇవ్వండి. కుదరకపోతే ఆ ప్రోగ్రామ్ ఉన్న ఒక్క ఫోల్డర్‌కే ఇవ్వండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు, సీ డ్రైవ్‌కు మొత్తానికి మినహాయింపు ఇస్తే ఇక యాంటీవైరస్ ఉన్నా లేనట్టే. యాంటీవైరస్ చూడని ఫోల్డర్ ఎక్కడుందా అని వెతికే వైరస్‌లు కూడా ఉన్నాయి. పని అవసరం తీరాక, కొత్త అప్‌డేట్ వచ్చాక ఆ మినహాయింపును తీసేయండి.

ఇంకో పని కూడా చేయాలి. యాంటీవైరస్ కంపెనీకి చెప్పాలి. మైక్రోసాఫ్ట్, క్విక్ హీల్, కె7, కాస్పర్‌స్కై... ఎవరి యాంటీవైరస్ అయినా తప్పుడు హెచ్చరికను రిపోర్ట్ చేసే పద్ధతి వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. పుణేలోని క్విక్ హీల్, చెన్నైలోని కె7 మన దేశం కంపెనీలే. కంపెనీ పరిశీలించి తప్పే అని ఒప్పుకుంటే, తర్వాతి అప్‌డేట్‌తో మీకే కాదు, అందరికీ సమస్య తీరుతుంది. ప్రోగ్రామ్ తయారుచేసిన వాళ్లకు కూడా ఒక మెయిల్ పెడితే మంచిది.

వైరస్ హెచ్చరిక వేరు, స్మార్ట్‌స్క్రీన్ వేరు

కొత్త ప్రోగ్రామ్ తెరవగానే నీలం రంగు డబ్బాలో 'విండోస్ మీ కంప్యూటర్‌ను కాపాడింది' అనే అర్థంలో మెసేజ్ వస్తుంది. ఇది వైరస్ దొరికిందని చెప్పడం కాదు. ఈ ఫైల్‌ను ఇంకా ఎక్కువ మంది వాడలేదు, దీని గురించి మాకు తెలియదు అని చెప్పడం. చిన్న డెవలపర్ల ప్రోగ్రామ్‌లకు ఇది తరచూ వస్తుంది. అలాగని కళ్లు మూసుకుని ముందుకెళ్లొద్దు. ఎక్కడి నుంచి దించారో ఒకసారి చూసుకోండి.

'యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి' అంటే?

డీటీపీ, ఫొటో ఎడిటింగ్, అకౌంటింగ్ ప్యాకేజీల క్రాక్ వెర్షన్లతో పాటు ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. అందులో మొదటి లైన్ దాదాపు ఎప్పుడూ ఇదే. ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, అది తప్పుగా చూపిస్తుంది అని. క్రాక్ టూల్‌ను యాంటీవైరస్ హ్యాక్‌టూల్ అనడం తప్పుడు హెచ్చరిక కాదు. అది నిజంగానే హ్యాక్‌టూల్. దాంతో పాటు పాస్‌వర్డ్ దొంగ, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ కలిపి పంపడం నేరగాళ్లకు చాలా తేలిక. మీరే గేటు తీసి, మీరే కాపలావాణ్ని పంపించేస్తున్నారు కాబట్టి.

ఒక్క సెంటర్ సిస్టమ్‌లో వందల మంది వివరాలుంటాయి. అందుకే అక్కడ చేసే తప్పు షాపు వాళ్లకే పరిమితం కాదు. ఉచితంగా దొరికే మంచి ప్రత్యామ్నాయాలు చాలా ఉన్నాయి. తెలుగు టైపింగ్‌కే చూస్తే, 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే చాలు. బయటి ప్రోగ్రామ్ వేయాల్సిన పనే లేదు.

ఫోన్‌లో వచ్చే హెచ్చరికల సంగతేంటి?

ఫోన్ విషయంలో రూల్ కొంచెం కఠినంగా ఉండాలి. ఎందుకంటే ఓటీపీ వచ్చేది ఫోన్‌కే, బ్యాంకు యాప్ ఉండేదీ ఫోన్‌లోనే.

పీఎం కిసాన్ లిస్టు అని, ట్రాఫిక్ చలాన్ అని, బ్యాంకు కేవైసీ అని, పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. నొక్కితే ప్లే ప్రొటెక్ట్ అడ్డుకుంటుంది. అప్పుడు అవతలి వాళ్లు ఫోన్ చేసి 'అది ఉత్తిదే, మోర్ డీటెయిల్స్ నొక్కి ఇన్‌స్టాల్ ఎనీవే కొట్టండి' అని చెబుతారు. ఫాల్స్ పాజిటివ్ అనే మాట వాళ్లకూ తెలుసు. దాన్నే వాడుకుంటున్నారు. మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు నేరుగా వాళ్లకు వెళ్లిపోతాయి.

మెసేజ్‌లు, నోటిఫికేషన్లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే బయటి యాప్‌లను నేరుగా ఆపేసే పద్ధతిని మన దేశంలోనూ ప్రయోగాత్మకంగా తెస్తున్నట్లు 2024 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. కాబట్టి బ్రౌజర్ నుంచి, వాట్సాప్ నుంచి వచ్చిన యాప్‌ను ఫోన్ ఆపితే, ఆగిపోవడమే కరెక్ట్. ప్లే స్టోర్‌లో ఉన్న, మీరు ఎప్పటి నుంచో వాడుతున్న యాప్‌పై హెచ్చరిక వస్తే మాత్రం వెంటనే తీసేయకుండా ఒక రోజు ఆగి, అప్‌డేట్ చేసి చూడండి. ఆలోగా ఆ యాప్‌లో లావాదేవీలు చేయకపోతే సరి.

ఒక పరీక్ష సరిపోతుంది. హెచ్చరిక తప్పని మీరే చెక్ చేసి తెలుసుకున్నారా, లేక ఆ యాప్ పంపినవాళ్లే చెప్పారా? పంపినవాళ్లే చెబితే, ఎవరైనా సరే, నమ్మొద్దు.

ఇప్పటికే అలో నొక్కేశారా?

టెన్షన్ పడకుండా వరుసగా ఇవి చేయండి. మొదట నెట్ కట్ చేయండి. వైఫై ఆఫ్ చేయండి, కేబుల్ పీకేయండి. ఆ ప్రోగ్రామ్‌కు ఇచ్చిన మినహాయింపు తీసేసి పూర్తి స్కాన్ పెట్టండి. వేరే ఫోన్ లేదా వేరే సిస్టమ్ నుంచి మెయిల్, బ్యాంకు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. అనుమానం ఉన్న సిస్టమ్‌లోనే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే చేరుతుంది. డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే తీసి పక్కన పెట్టండి.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి కాల్ చేయండి. బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్ ఫిర్యాదు కూడా చేయొచ్చు. ఇక వైరస్‌లు తీసేసే ఉచిత టూల్స్ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్ ఉంది.

సెంటర్ నడిపేవాళ్లు ముందే చేసుకోవాల్సినవి

వాడే ప్రోగ్రామ్‌ల లిస్టు ఒక కాగితంపై రాసి పెట్టుకోండి. ఒక్కోదాని పేరు, వెర్షన్, ఏ సైట్ నుంచి దించారు అన్నవి చాలు. వేలిముద్ర స్కానర్ డ్రైవర్, సంతకం టోకెన్ డ్రైవర్ ఇన్‌స్టాలర్లను కంపెనీ సైట్ నుంచి దించి విడిగా ఒక డ్రైవ్‌లో దాచండి. యాంటీవైరస్ పొరపాటున తీసేసినా మళ్లీ వేసుకోవడానికి నిమిషాలే పడుతుంది.

అప్‌డేట్‌లను రద్దీ టైంలో కాకుండా రాత్రి షాపు మూసే ముందు చేయండి. కుదిరితే అన్ని సిస్టమ్‌లనూ ఒకేసారి కాకుండా ముందు ఒకటి అప్‌డేట్ చేసి, పొద్దున అది బాగా పనిచేస్తే మిగతావి చేయండి. ఒక సిస్టమ్‌లో సమస్య వచ్చినా రెండో దాంతో ఆ రోజు అప్లికేషన్లు నడుస్తాయి. డేటా కాపీని వారానికి ఒకసారైనా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, తీశాక దాన్ని సిస్టమ్ నుంచి విడదీయండి.

షాపులో పనిచేసే వాళ్లకు కూడా ఒక మాట ముందే చెప్పి ఉంచండి. ఎర్ర మెసేజ్ వస్తే ఏమీ నొక్కకుండా ఫొటో తీసి చూపించమని. క్యూ ఎంత పొడుగున్నా ఆ ఒక్క నిమిషం ఆగొచ్చు.